పదేళ్ళ పిల్లకి ఇన్ని ఆకులు ఎలా తెలుసు? (కెన్యాలో లువో వాళ్ళ ఇంటి వైద్యం)

సింధూర_కిసుము:

అందరికీ నమస్తే. మేము కెన్యాలో కిసుము దగ్గర ఉంటున్నాం, వచ్చి రెండేళ్ళయింది, మా వారు ఇక్కడ ఒక షుగర్ ఫ్యాక్టరీలో చేస్తారు. మాది భీమవరం పక్కన పల్లెటూరు. ఇక్కడ ఎక్కువమంది లువో వాళ్ళు, వాళ్ళ భాష డొలువో. నాకు ఇంకా రాదు, ఇంగ్లీషు, కాస్త స్వాహిలీ కలిపి నెట్టుకొస్తున్నా.

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా బాబుకి పొట్టనొప్పి మొదలైంది, వాడికి ఆరేళ్ళు, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని ఒకటే ఏడుపు. మా ఇంట్లో సాయానికి వచ్చే ఆవిడని మిన్ అకిన్యి అంటాం, అంటే అకిన్యి వాళ్ళమ్మ అని, ఇక్కడ పెళ్ళై పిల్లలున్న ఆడవాళ్ళని అలాగే పిలుస్తారు. ఆరోజు కూతుర్ని కూడా తీసుకొచ్చింది. అకిన్యి అంటే పొద్దున్నే పుట్టిన పిల్ల అనంట. ఆ పిల్ల వచ్చి వాడి పొట్ట మీద చెయ్యి పెట్టి, పొద్దున ఏం తిన్నాడు, విరేచనం అయిందా, వాంతి అయిందా అని వరసగా అడిగింది, అచ్చం మా మామ్మ అడిగినట్టే. తర్వాత ఎవరూ ఏమీ చెప్పకుండానే కంచె అవతలికి పరిగెత్తి గుప్పెడు ఆకులు తెచ్చింది. కుళాయి కింద కడిగి, అరచేతుల మధ్య నలిపి, గ్లాసులో నీళ్ళు పోసి, చిటికెడు ఉప్పేసి నాకిచ్చింది. నాలిక మీద పెట్టి చూశా, వేపాకు కంటే చేదు. ఒలులుసియా అంది.

నేను పట్టలేదండి. భయమేసింది. వద్దు అని కాస్త గట్టిగానే అన్నా, ఆ పిల్ల మొహం చిన్నబోయింది, గ్లాసు తీసుకెళ్ళి బయట పారబోసి వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. బాబుకి కాసేపటికి విరేచనం అయ్యి నొప్పి దానంతటదే తగ్గింది, అది వేరే సంగతి. కానీ ఆ పిల్ల మొహం నాకు రెండ్రోజులు నిద్రపట్టనివ్వలేదు. సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని, మా కంచె పొడుగునా ఉన్నవాటిలో నీకు ఏమేం తెలుసు అని అడిగితే పద్నాలుగు మొక్కలు చూపించింది. ఇది దగ్గుకి, ఇది దెబ్బకి, ఇది తమ్ముడికి ఒళ్ళంతా కురుపులొస్తే స్నానానికి, ఇది ముట్టుకోకూడదు అని కూడా చెప్పింది. ఎవరు నేర్పారు అంటే "దాని" అంది, దాని అంటే నానమ్మ, అమ్మమ్మ.

నా ప్రశ్నలు ఇవి. వీళ్ళది వైద్యుల కుటుంబమా, లేక ఇక్కడ ప్రతి ఇంట్లో పిల్లలకి ఇలాగే తెలుసా? ఇంకోసారి ఆ పిల్ల ఆకు తెస్తే నేనేం చెయ్యాలి, దేనికి సరే అనాలి, దేనికి వద్దనాలి? ఇక్కడ ఉన్నవాళ్ళు, ఉండి వెళ్ళినవాళ్ళు, మందుల గురించి తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

—

నైరోబీ_బాబాయ్:

అమ్మా సింధూరా, నేను కెన్యాలో పంతొమ్మిదేళ్ళు పాఠాలు చెప్పా, అందులో ఆరేళ్ళు సియాయా వైపే, ఒబామా వాళ్ళ నాన్నగారి ఊరు కొగెలో అని విని ఉంటావు, ఆ చుట్టుపక్కల. నీ మొదటి ప్రశ్నకి జవాబు, వైద్యుల కుటుంబం అయ్యుండాల్సిన పనిలేదు. అక్కడ వైద్యులు వేరే ఉంటారు, వాళ్ళ మందులు వేరే, వాటికి గుట్టు ఉంటుంది, డబ్బు ఉంటుంది. నువ్వు చూసింది ఇంటి మందు. అది అమ్మల దగ్గర, నానమ్మల దగ్గర ఉంటుంది, దానికి గుట్టేమీ లేదు, పిల్లలందరికీ కొద్దో గొప్పో తెలుసు. 1990ల చివర్లో బొండో వైపు ఊళ్ళలో డెన్మార్క్ వాళ్ళు, కెన్యా వాళ్ళు కలిసి ఇదే విషయం మీద చాలాకాలం పనిచేశారు, అమ్మలనీ బడిపిల్లలనీ కూర్చోబెట్టి అడిగారు. వాళ్ళు రాసింది కూడా ఇదే, ఈ తెలివి ఏ ఒక్కడి సొత్తూ కాదు, ఇంటింటి సొత్తు అని.

ముందు ఒక మాట తెలుసుకో. డొలువోలో యాథ్ అంటే చెట్టు. యాథ్ అంటే మందు కూడా. రెంటికీ ఒకటే మాట. మాత్ర కూడా యాథే, ఇంజెక్షన్ కూడా యాథే. అందుకని ఆ పిల్లకి నీ అలమారలో సిరప్పు, కంచె మీద ఆకు వేరువేరు లోకాలు కావు. అక్కడ పదకొండు పన్నెండేళ్ళ పిల్లలు జ్వరమొస్తే నాణేలు పట్టుకుని మూలనున్న దుకాణానికెళ్ళి పనడాల్ (మన పారాసెటమాల్ బిళ్ళే) కొనుక్కుంటారు, అదే పిల్లలు పొట్టనొప్పొస్తే చెరువు గట్టుకెళ్ళి ఆకు తెంపుకుంటారు. నా క్లాసులోనే చూశా, తలనొప్పని ఒకడు బెంచీ మీద తల పెడితే పక్కవాడు లేచి వెళ్ళి ఏదో తెచ్చి నలిపి వాసన చూపించేవాడు. నేనేమీ అనేవాణ్ణి కాదు.

ఎలా నేర్చుకుంటారు అంటే, ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. పంపిస్తారు, అంతే. "పో, బావి దగ్గర చేదు ఆకు ఉంది చూడు, దాని చిగుళ్ళు పట్రా" అంటారు. తప్పు ఆకు తెస్తే నానమ్మ వాసన చూసి విసిరేసి మళ్ళీ పంపుతుంది. రెండుసార్లు తిరిగితే మూడోసారి తప్పు ఆకు తేరు కదా. తర్వాత కడగడం, నూరడం, తమ్ముణ్ణి ఎత్తుకుని పట్టుకోవడం, ఇవన్నీ పిల్లల పనులే. చంటిపిల్లల్ని రోజంతా చంకనేసుకుని తిరిగేది అక్కలే కాబట్టి వాడికి ఒళ్ళు వెచ్చబడితే ముందు తెలిసేది ఆ తొమ్మిదేళ్ళ అక్కకే.

పాతరోజుల్లో అయితే సివిందె అని ఉండేది, ముసలావిడ ఇల్లు, ఆడపిల్లలంతా రాత్రి అక్కడే పడుకునేవాళ్ళు, కథలు, సామెతలు, ఏ ఇంటికి ఏ ఇల్లు చుట్టం, ఏ ఆకు దేనికి, అన్నీ చీకట్లో వినే నేర్చుకునేవాళ్ళు. బడులు వచ్చాక, నానమ్మలు ఒకచోట మనవలు ఒకచోట అయ్యాక అది దాదాపు పోయింది. ఆ విషయం తల్చుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇంకో సంగతి, లువో ఆడపిల్ల పెళ్ళై వేరే ఊరు వెళ్తుంది, అక్కడ ఆమెని "నియార్ ఫలానా" అంటారు, ఫలానా ఊరి ఆడపడుచు అని. ఆవిడతో పాటు వాళ్ళ పుట్టింటి ఆకులూ వస్తాయి. అత్తగారి ఇంట్లో దగ్గుకి ఒక చెట్టు బెరడు వాడితే కోడలు ఇంకోటి వాడుతుంది, కొన్నాళ్ళకి పిల్లలకి రెండూ తెలుస్తాయి. అందుకే పక్కపక్క ఇళ్ళల్లోనే ఒకే జబ్బుకి వేరే వేరే ఆకులు కనిపిస్తాయి, తప్పు పట్టకు.

మన వేపని అక్కడ స్వాహిలీలో మ్వారుబైని అంటారు, అరుబైని అంటే నలభై, నలభై రోగాలు కుదురుస్తుందని ఆ పేరు. చింతచెట్టు చ్వా. సరస్సు ఒడ్డున, దాన్ని వాళ్ళు నామ్ లోల్వే అంటారు, మన పటాల్లో విక్టోరియా, ఆ ఒడ్డున చింతచెట్లు చూసినప్పుడల్లా నాకు మా ఊరు గుర్తొచ్చేది.

అకిన్యికి సారీ చెప్పావా అమ్మా? చెప్పు. అక్కడ పిల్లలు పెద్దవాళ్ళ ముందు నోరెత్తరు కానీ మనసులో ఉంచుకుంటారు.

—

నర్స్_భద్రాచలం:

సింధూర అక్కా, నేను భద్రాచలం ఏజెన్సీల పద్నాలుగేండ్లు చేసిన, మలేరియా నాకు కొత్త కాదు, అందుకే రాస్తున్న. బాబాయ్ చెప్పినవన్నీ మంచిగున్నయ్, నాకు కూడా ఆ పిల్ల మీద ప్రేమొచ్చింది. కానీ నువ్వున్న చోటు ఏందో మర్చిపోకు. కెన్యాల మలేరియా ఎక్కువ ఉండేదే ఆ సరస్సు చుట్టూ. మలేరియా టీకా ఉన్నది కదా, దాన్ని కెన్యాల మొదలుపెట్టిందే 2019 సెప్టెంబర్ల, హోమా బే ల, నీకు సరస్సు పక్కకే.

కొద్దిపాటి పొట్టనొప్పి, చిన్న దగ్గు, గీరుకపోయిన దెబ్బ, గిట్లాంటియి ఒకరోజు చూసినా పెద్ద ముప్పు రాదు. జ్వరం అట్ల కాదు. పిల్లకి ఒళ్ళు కాలితే అదే రోజు రక్తపరీక్ష చెయ్యించాలె, వేలు గుచ్చి చేసే కిట్టు చిన్న డిస్పెన్సరీలల్ల కూడా ఉంటది, పదిహేను ఇరవై నిమిషాల్ల తేలిపోతది. ఉన్నదని తేలితే మాత్రలు మూడు రోజులు, రోజుకి రెండుసార్లు, మొత్తం ఆరు డోసులు, జ్వరం తగ్గినా మధ్యల ఆపొద్దు. పాలతోనో కాస్త నెయ్యి అన్నంతోనో వేస్తే ఒంటికి బాగా పడతది. తాగలేకపోతుంటే, ఏది పెట్టినా కక్కుతుంటే, ఫిట్స్ వస్తే, పిలిస్తే పలకకుండ మత్తుగ ఉంటే ఇగ ఏ ఆకూ వద్దు, ఏ మాత్రా వద్దు, సీదా పెద్దాసుపత్రికి.

మా దగ్గర ఒక తల్లి రెండు రోజులు పసరు పట్టి మూడో రోజు తెచ్చింది పిల్లగాణ్ణి, ఫిట్స్ తోని. బతికిండు, కానీ ఆ రాత్రి నేను మర్చిపోలేను. ఆ తల్లిని ఎవ్వరూ తిట్టొద్దని నేనే అందరికీ చెప్పిన, ఎందుకంటే ఊరికి రోడ్డు లేదు, వాగు పొంగింది, ఆమె చేతిల ఉన్నది ఆమె చేసింది. ఆకు తప్పు కాదు, ఆలస్యం తప్పు.

ఇంకో మాట, ఇది మన తెలుగోళ్ళకి కూడా. వేపనూనె చంటిపిల్లలకి లోపలికి పట్టొద్దు, ఒక్క చెంచా కూడా. మెదడు వాచి, లివర్ దెబ్బతిని ప్రాణం మీదికి వచ్చిన కేసులు మన దేశంల, మలేషియాల రాసిపెట్టి ఉన్నయ్. వేపాకు నీళ్ళతో స్నానం వేరు, నూనె తాగించుడు వేరు. అట్లనే అక్కడ కంచెలకి కాడజెముడు వేస్తరు కదా, దాని పాలు కంట్ల పడితే చాలా ప్రమాదం, పిల్లల్ని ఆడుకోనియ్యకు. అకిన్యి "ఇది ముట్టుకోకూడదు" అన్నది బహుశా అదే అయ్యుంటది, అడిగి చూడు.

—

రమేష్_కూకట్‌పల్లి:

నాకు ఒకటి అర్థం కాదు, ఈ రోజుల్లో కూడా ఆకులు పసర్లు అని ఎందుకు పొగుడుతున్నారు అందరూ. ఆ పిల్ల బడికి పోయి సైన్సు చదువుకోవాల్సింది పోయి ఆకులు నూరుతుంటే మనం ఆహా ఓహో అంటున్నాం. వాళ్ళకి ఆసుపత్రి లేక, డబ్బు లేక అలా చేస్తున్నారు. పేదరికాన్ని తెలివి అనకండి ప్లీజ్. ఇంకా ఆఫ్రికాలో దిష్టి, చేతబడి అన్నీ ఉంటాయి కదా, అవి కూడా ఇంటివైద్యమేనా?

—

నైరోబీ_బాబాయ్:

రమేష్ గారూ, మీ కోపంలో సగం న్యాయం ఉంది, కాదనను. డిస్పెన్సరీకి ఎనిమిది కిలోమీటర్లు నడవాల్సిన ఊళ్ళు నేను చూశా. మందు బిళ్ళ పని చెయ్యని రోజులూ చూశా, క్లోరోక్విన్‌కి మలేరియా లొంగట్లేదని 1998లో కెన్యా ప్రభుత్వమే దాన్ని పక్కన పెట్టింది, అప్పటిదాకా ఎంతమంది తల్లులు ఆ బిళ్ళని నమ్ముకున్నారో. కానీ డబ్బున్న ఇళ్ళలో కూడా ఆకు ఉంటుందండి. కారున్నవాళ్ళు కూడా ఊరెళ్ళినప్పుడు డిక్కీలో బెరడు తెచ్చుకుంటారు. రైలా ఒడింగా గారు తెలుసు కదా, కెన్యా మాజీ ప్రధాని, లువో వాళ్ళ పెద్ద నాయకుడు, బొండో ఆయన సొంత ఊరు. ఆయన కూతురికి కంటిచూపు దెబ్బతింటే కేరళలో కూత్తాట్టుకుళంలో ఆయుర్వేదం చేయించారు, మన ప్రధాని 2022లో రేడియోలో కూడా చెప్పారు ఆ సంగతి. ఆయన కూడా 2025 అక్టోబర్ 15న, అక్కడే పొద్దున నడకకి వెళ్ళి కన్నుమూశారు, తీసుకెళ్ళి బొండోలోనే మట్టి చేశారు. ఆయనకి డబ్బులేక ఆకుల దగ్గరికి వచ్చారంటామా?

దిష్టి సంగతి అడిగారు. ఉంది. సిహోహో అంటారు. పిల్లాడు తింటుంటే ఎవరైనా చెడ్డ చూపు చూస్తే తిన్నది పొట్టలో ఇరుక్కుపోయి నొప్పి వస్తుందని నమ్మకం, అది తెలిసిన ఆడవాళ్ళు పొట్ట నిమిరి ఆ మెతుకులు బయటికి తీస్తారు. మనం ఉప్పు మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తాం. యామో అంటే గాలి, గాలి వల్ల వచ్చే జబ్బు, మనం గాలి సోకింది అనమా? ఇవి నేను నమ్ముతానని కాదు. మనింట్లో ఉంటే ఆచారం, వాళ్ళింట్లో ఉంటే చేతబడి అనకూడదు, అంతే నేననేది. చిరా అని ఇంకోటి ఉంది, కట్టుబాటు తప్పితే మనిషి చిక్కి శల్యమై పోతాడని, దానికి మన్యాసి అనే మందు. ఎయిడ్స్ వచ్చిన కొత్తలో చాలామంది దాన్ని చిరా అనుకుని ఆసుపత్రికి పోలేదు, దానివల్ల ప్రాణాలు పోయాయి. అది నిజం, దాచను. కానీ పొట్టనొప్పికి పిల్ల తెచ్చిన ఆకుని, ఆ చిరానీ ఒకే గాటన కట్టకండి, లువో తల్లులు కూడా కట్టరు.

ఆ పిల్ల బడికి పోవట్లేదని ఎవరు చెప్పారండీ మీకు?

—

వృక్షశాస్త్రం_అనంత:

డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్తాను. ఈ చర్చ చూసి ఆగలేకపోయా, క్షమించాలి, కొంచెం పొడుగవుతుంది.

సింధూర గారూ, మీరు చెప్పిన ఒలులుసియా, ఆ చేదుని బట్టి, వెర్నోనియా అమిగ్డలినా అయ్యుండాలి. ఆఫ్రికా అంతటా దాన్ని పొట్టకి, జ్వరానికి వాడతారు, పశ్చిమాఫ్రికాలో అయితే చేదు పోయేదాకా కడిగి కూర వండుకుంటారు. 1987లో టాంజానియా మహాలే కొండల్లో ఒక జబ్బు చేసిన చింపాంజీ దీని కాడ ఒలిచి లోపలి గుజ్జు నమలడం చూశారు, హఫ్‌మన్ అనే శాస్త్రవేత్త, ఆయనతో పాటు కలుందె అనే స్థానికుడు. మామూలుగా చింపాంజీలు దీని జోలికి పోవు. కలుందెకి అది తమ వాళ్ళు వాడే మందు అని ముందే తెలుసు, ఆయన చెప్పబట్టే హఫ్‌మన్‌కి అదేమిటో అర్థమైంది. నాకు ఈ కథలో చింపాంజీ కంటే కలుందె గారే ఎక్కువ ఇష్టం.

మీ కంచె దగ్గర మనకి చుట్టాలైన మొక్కలు చాలా ఉంటాయి, ఈసారి చూడండి. వాళ్ళు డెక్ అనీ అకెయో అనీ అనేది మన వామింట, మా వైపు వావింటాకు అంటారు, అదే మొక్క, వేరే రకం కూడా కాదు. అక్కడ దాన్ని పాలు పోసి వండుతారు, చేదు విరగడానికి, బాలింతలకి తప్పకుండా పెడతారు. మన దగ్గర చెవిపోటుకి దాని ఆకు రసం పిండేవాళ్ళు, ఇప్పుడు పొలంగట్ల మీద కలుపు అని పీకేస్తున్నారు, అక్కడేమో బజార్లో కట్టలు కట్టి అమ్ముతున్నారు. (చెవిలో మాత్రం ఏ రసమూ పొయ్యకండి, కర్ణభేరికి చిల్లు ఉందో లేదో మనకి తెలీదు.) ఒసుగా అంటే మన కామంచి జాతి. ఒచువొగా మన వాక్కాయకి దగ్గరి చుట్టం, పళ్ళు పిల్లలు తింటారు, వేరు పెద్దవాళ్ళు మాంసం సూపులో వేసి ఉడికిస్తారు. ఒబెర్ మన దిరిసెన జాతి చెట్టు, బెరడు వాడతారు. ఒగాకా అంటే కలబంద, దాన్ని జనానికే కాదు, కోళ్ళకి తెగులొస్తే తాగే నీళ్ళల్లో కూడా వేస్తారు.

యాగో అని పెద్ద పెద్ద సొరకాయల్లాంటి కాయలు తాళ్ళకి వేలాడే చెట్టు చూశారా? అది మందుకీ వాడతారు, కానీ ఇంకో పని ఉంది దానికి. సరస్సులో మునిగిపోయి మనిషి శవం దొరక్కపోతే ఆ కాయని మనిషి బదులు పెట్టి పూడుస్తారు. మన దగ్గర దర్భలతో బొమ్మ చేసి దహనం చేసినట్టు. ఇది చదివినప్పటినుంచి ఆ చెట్టు వేరేగా కనిపిస్తోంది నాకు.

ఒక జాగ్రత్త. ఊరి పేర్లు నమ్ముకుని మందు తాగకండి. ఒకే పేరు రెండు మొక్కలకి ఉంటుంది, ఒకే మొక్కకి పక్క ఊళ్ళో ఇంకో పేరు. అకిన్యికి ఆ ఇబ్బంది లేదు, ఎందుకంటే ఆమెకి తెలిసింది పేరు కాదు, ఆ గట్టు మీద ఉన్న ఆ మొక్కే. మనం పేరు పట్టుకుని ఫోన్లో వెతికి వేరేది తెచ్చుకుంటాం, ప్రమాదం అక్కడొస్తుంది. రంగురంగుల పూల లాంటానా కూడా కంచెల్లో ఉంటుంది, దాని పచ్చికాయలు పిల్లలు తినకూడదు.

—

సింధూర_కిసుము:

అందరికీ చాలా థాంక్స్ అండి, బాబాయ్ గారు రాసింది మా వారికి చదివి వినిపించా. అకిన్యికి సారీ చెప్పాను, ఆ మర్నాడే, ఇంకా ఇక్కడ ఎవరూ చెప్పకముందే. ఏమీ అనలేదు, తల ఊపింది. రమేష్ గారూ, అకిన్యి ఐదో తరగతి చదువుతోంది, సైన్సులో క్లాసులో రెండో స్థానం, నోట్‌బుక్ నేనే చూశా.

నర్స్ గారూ, మీ మాట పట్టుకుని మిన్ అకిన్యిని వివరంగా అడిగా, జ్వరం వస్తే ఏం చేస్తావు అని. ఆవిడ నావైపు అదేం ప్రశ్న అన్నట్టు చూసింది. జ్వరమైతే ముందు వేలు గుచ్చించుకోడానికి డిస్పెన్సరీ, తర్వాత ఇంటికొచ్చి మ్వారుబైని నీళ్ళతో స్నానం, రెండూ అంది. మాత్రలు వేశాక చేదు ఆకు లోపలికి పట్టను, కడుపులో రెండు మందులు కొట్లాడుకుంటాయి అంది. పెద్ద కూతురు ఉండేదట ఆవిడకి, అకిన్యి కంటే ముందు. మూడేళ్ళప్పుడు పోయింది, మలేరియా. అప్పుడు ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే మందు లేదని తిప్పి పంపారట, ఇంటికొచ్చి అత్తగారు రాత్రంతా ఆకులతో ఒళ్ళు తుడుస్తూనే ఉందట. "మా అత్తకి తెలుసు అది సరిపోదని, కానీ చేతులు ఊరుకోవు కదా" అంది. నాకు ఏం మాట్లాడాలో తెలీలేదు. ఇద్దరం కలిసి బియ్యం ఏరుతూ కూర్చున్నాం.

అకిన్యి ముట్టుకోకూడదన్నది మీరు చెప్పిన కాడజెముడే. పక్కింటి మేకపిల్ల కంట్లో పడి చూపు పోయిందంట, అప్పటినుంచి వాళ్ళ నానమ్మ పిల్లలందరికీ ముందు నేర్పేది అదేనట, ఏ ఆకు మందు అని నేర్పే ముందు.

ఇంకొకటి చెప్పాలి. అకిన్యి వాళ్ళ స్కూల్లో నులిపురుగుల మాత్రలు ఇచ్చారట. మన దగ్గర కూడా అంగన్‌వాడీల్లో ఇస్తారు కదా. వాళ్ళ నానమ్మ ఏమంటుందంటే పొట్టలో పురుగులు అందరికీ ఉంటాయి, అవి ఉంటేనే తిన్నది అరుగుతుంది, వాటికి ఆకలేసి కదిలినప్పుడే నొప్పి అని. స్కూల్లో టీచరేమో అన్నీ చంపెయ్యాలి అంటుంది. నువ్వేమంటావు అని అడిగితే అకిన్యి కాసేపు ఆలోచించి, స్కూల్లో మాత్ర మింగుతా, ఇంట్లో ఆకు తాగుతా, నానమ్మకి మాత్ర సంగతి చెప్పను అంది. మా బాబు పడీ పడీ నవ్వాడు.

నిన్న సాయంత్రం ఆ పిల్లే నన్ను అడిగింది, మీ ఊళ్ళో పొట్టనొప్పికి ఏం చేస్తారు అని. వాము డబ్బా తీసి చూపించా. రెండు గింజలు నమిలి మొహం చిట్లించి, మళ్ళీ రెండు తీసుకుంది. ఉప్పుతో నమిలి వేడినీళ్ళు తాగుతాం అని చెప్పా. అన్నీ విని, ఈ మొక్క ఎలా ఉంటుంది, ఆకు ఎలా ఉంటుంది, ఎక్కడ మొలుస్తుంది అని అడిగింది. మా ఇంట్లో కుండీలో వామాకు ఉండేది కదా, దళసరి ఆకులు, బజ్జీలు వేసేవాళ్ళం, అదే అని దాని ఫోటో చూపించా. అకిన్యి ఫోటోని పెద్దది చేసి చూసి, ఇంత దళసరి ఆకు మొక్కకి ఇంత చిన్న గింజ వస్తుందా, పువ్వు చూపించు అంది. నా దగ్గర పువ్వు ఫోటో లేదు. బోటనీ మేడం గారూ, మీరే చెప్పాలి.

—

వృక్షశాస్త్రం_అనంత:

మేడం కాదు, సార్ అండి, ఫర్వాలేదు.

అకిన్యి అనుమానం నూటికి నూరుపాళ్ళు సరైనది. వామాకు మొక్కకి మనం తినే వాము రాదు. వాసన దగ్గరగా ఉంటుందని ఆ పేరు పెట్టాం, అంతే. వామాకు తులసి కుటుంబం మొక్క, కొమ్మ గుచ్చితే బతుకుతుంది. వాము మొక్క వేరే, అది జీలకర్ర, కొత్తిమీర కుటుంబం, సన్నటి దారాల్లాంటి ఆకులు, గొడుగులాగా తెల్లటి చిన్న పూలు, ఒక్క పంటకాలంలో అయిపోతుంది. మా కర్నూలు వైపు పొలాల్లో వేస్తారు. మా క్లాసులో చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు, ఆకు దళసరి చూసి గింజ గురించి అనుమానపడిన పిల్లని మాత్రం నేను ఇంతవరకు చూడలేదు.

మీ డబ్బాలో వాము పాతది కాకపోతే మొలవచ్చు. ఒక చెంచా గింజలు అకిన్యికి ఇవ్వండి, మెత్తటి మట్టిలో పైపైన చల్లి, పల్చగా మట్టి కప్పి తడి ఆరకుండా చూడమనండి, రెండు వారాల దాకా ఓపిక పట్టాలి. పువ్వు వచ్చాక ఫోటో ఇక్కడ పెట్టండి.